ధనంతో పాటు ధైర్యం: పైడా రామకృష్ణయ్యగారు

మన గోదావరి సీమలో దాతలకు ఎన్నడూ కొదువ లేదు. సత్రం కట్టించినవారిని, బావి తవ్వించినవారిని ఊరంతా దీవించింది. మరి ఊరంతా తిట్టే పనికి డబ్బిచ్చిన వర్తకులెందరు? అలాంటివారిలో కాకినాడ పైడా రామకృష్ణయ్యగారిని ముందు చెప్పుకోవాలి.

వితంతు వివాహాన్ని 1856లోనే చట్టం ఒప్పుకొంది. కాని చట్టం కాగితం మీదే ఉండిపోయింది. 1879లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు దీన్ని గురించి బహిరంగంగా ఉపన్యసించారు. మాటలతో పెళ్ళి జరగదు గదా! ఆయన తెలుగు పండితులు, జీతం మీద బతికే మనిషి. వధువును రప్పించాలి, జంటకు నీడ చూపాలి, వెలివేస్తే బతుకుతెరువు చూపాలి. అందుకు కావలసిన వేల రూపాయల రొక్కంతో ముందుకొచ్చినవారు రామకృష్ణయ్యగారు.

1881 డిసెంబరు 11న పంతులుగారింట మొదటి పెళ్ళి జరిగింది. వరుడు గోగులపాటి శ్రీరాములుగారు. ఊళ్ళో ఒకటే గగ్గోలు. విద్యార్థులు కాపలా కాశారు. వంటవాళ్ళూ నీళ్ళవాళ్ళూ రావడం మానేస్తే, పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరి నుంచి నీళ్ళు మోసుకొచ్చి వంట చేశారు. వెలికి భయపడి వెనక్కి తగ్గినవారూ ఉన్నారు. వర్తకుడికి వెలి అంటే చుట్టరికంతో పాటు బేరమూ పోయే ప్రమాదం. అది తెలిసే రామకృష్ణయ్యగారు అండగా నిలిచారు. అందుకే ఆ రొక్కానికి అంత విలువ.

అయితే ఒక్కరి సంచి మీద ఆధారపడ్డ పని ఎన్నాళ్ళు సాగుతుంది? పంతులుగారు తర్వాత హితకారిణీ సమాజం నెలకొల్పి తన ఆస్తి దానికి రాసిచ్చారు. కోరంగి నుంచి రంగూన్ వెళ్ళి ఐశ్వర్యం గడించిన మల్లాడి సత్యలింగం నాయకర్‌గారు కూడా వీలునామా రాసి ఆస్తిని ధర్మానికి అప్పగించారు. కాకినాడలో ఆయన పేరిట వెలసిన ధర్మసంస్థ ఎందరికో చదువు చెప్పింది. మనిషి పోయినా ధర్మం నిలవాలంటే కాగితం కావాలి, లెక్క కావాలి.

మన సంఘ సభ్యుల్లోనూ కొట్లు, మిల్లులు, లారీలు నడిపేవారున్నారు. వారి చందాలకు మేము కృతజ్ఞులం. అయినా ఒక్క మాట మనవి చేస్తున్నాం. ఫీజు కట్టడం ఒక ఎత్తు. చదువు మాన్పించిన ఆడపిల్ల ఇంటికి స్వయంగా వెళ్ళి తండ్రితో మాట్లాడటం ఒక ఎత్తు. పేదింటి పెళ్ళికి సాయం చేయడం మంచిదే. కట్నం అడిగిన సొంత బంధువును నలుగురిలో కాదనడం ఇంకా కష్టం. రామకృష్ణయ్యగారు చేసింది ఆ రెండో రకం దానం. మనలో దానికి ఎవరు ముందుకొస్తారు?