మార్గం మారినా మాట మారలేదు

శంషాబాదు విమానాశ్రయంలో దిగే ప్రయాణికుడు కాలు మోపేది రంగారెడ్డి జిల్లా నేలపైన. 1978లో ఏర్పడిన ఆ జిల్లా పేరు కొండా వెంకట రంగారెడ్డిగారి స్మారకం. 1890లో జన్మించిన ఈ న్యాయవాది, 1936లో శంషాబాదుకు దక్షిణాన షాద్‌నగరులో జరిగిన నిజాం రాష్ట్ర ఆంధ్రమహాసభకు అధ్యక్షులు. తెలుగువారి ఉన్నతికి అంతగా పాటుపడినవారే, ఆంధ్రరాష్ట్రంతో తెలంగాణ విలీనాన్ని మాత్రం వ్యతిరేకించారు. తమ ప్రాంతపు ఉద్యోగాలు, ఆదాయం, భూములు చేజారుతాయేమోనన్నది వారి శంక.

విలీనం తప్పదని తేలినప్పుడు వారు అలిగి ఇంట కూర్చోలేదు. తమ శంకలనే షరతులుగా మలచి, 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంపై సంతకం చేశారు. తెలంగాణలో ఉద్యోగానికి 12 ఏండ్ల నివాసం ఉండాలని, మిగులు ఆదాయం తెలంగాణకే వెచ్చించాలని, ముఖ్యమంత్రి ఒక ప్రాంతంవారైతే ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతంవారు కావాలని అందులో వ్రాసుకున్నారు. తొలి మంత్రివర్గంలో ఆ పదవే లేదు. 1959లో దానిని రంగారెడ్డిగారే అధిష్ఠించారు.

హామీలు ఆచరణలో నీరుగారగా 1969లో తెలంగాణ ఉద్యమం చెలరేగింది. ఎనభైయేండ్లకు చేరువైన రంగారెడ్డిగారు దానివైపే నిలిచారు. ఎదిరించినా, ఒడంబడినా, పదవి చేపట్టినా, మళ్లీ ఎదిరించినా వారు కోరింది ఒక్కటే: తమ ప్రాంతానికి న్యాయం.