పాతబస్తీ నీటి తీరాలు

హైదరాబాద్ పాతబస్తీకి ఉత్తరపు హద్దు మూసీ నది. పడమర పురానాపూల్ నుంచి తూర్పున చాదర్‌ఘాట్ దాకా సుమారు మూడు కిలోమీటర్ల నది ఒడ్డు, ఊరికి నైరుతిన మీరాలం చెరువు కట్ట: పాతబస్తీలో తీరం అని చెప్పుకోదగ్గవి ఈ రెండే. ఇసుక మీద నడవాలంటే బాపట్ల దగ్గరి సూర్యలంకకో, బందరు దగ్గరి మంగినపూడికో మూడు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం కట్టాలి. ఆ బందరు ఒకప్పుడు గోల్కొండ సుల్తానుల రేవు. పత్తర్‌గట్టీ దుకాణాల్లో పేరుబడ్డ బస్రా ముత్యాలు పర్షియన్ గల్ఫ్ నుంచి వచ్చేవి. బార్కస్‌లోని అరబ్ కుటుంబాల పూర్వీకులు హద్రమౌత్ నుంచి సముద్రం దాటి వచ్చి నిజాం కొలువులో చేరినవారు. సముద్రపు సరుకూ, సముద్రం దాటిన మనుషులూ ఊళ్ళోకి వచ్చారు గానీ ఊరు మాత్రం నదినీ చెరువునూ నమ్ముకుని పెరిగింది.

ఇప్పుడు కనిపించే నది ఒడ్డు చాలా మేరకు 1908 వరద తర్వాత తయారైనది. వరద రాకుండా ఎగువన జలాశయాలు కట్టారు, ఒడ్డున గోడలు లేపారు, గోడల వెనక రాజసమైన మేడలు నిలబెట్టారు. ఆ మేడల ముందు పారాల్సిన నీళ్ళు మాత్రం పైనే ఆగిపోయాయి. పాతబస్తీ తీరాన్ని చూడబోయేవారికి ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

పురానాపూల్

మూసీ వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో పుట్టి, సుమారు 240 కిలోమీటర్లు పారి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ముచుకుంద అని పాత పేరు. దాని మీద తొలి వంతెన పురానాపూల్‌ను ఇబ్రహీం కుతుబ్‌షా 1578లో పూర్తి చేయించాడు. చార్మినార్ 1591 నాటిది, అంటే ఊరి కంటే వంతెనే పదమూడేళ్ళు పెద్దది. 22 కమానుల మీద నిలిచిన ఈ రాతి కట్టడాన్ని 17వ శతాబ్దంలో చూసిన ఫ్రెంచ్ వర్తకుడు తావెర్నియే, పారిస్‌లోని పోన్ నెఫ్ వంతెన కంటే ఇది పెద్దగా తీసిపోదని రాశాడు.

యువరాజు మహమ్మద్ కులీ ప్రియురాలి కోసం వరద నదిలోకి గుర్రాన్ని దూకించాడనీ, కొడుకు ప్రాణానికి భయపడి తండ్రి వంతెన కట్టించాడనీ పాతబస్తీలో ఎవరిని అడిగినా చెబుతారు. కథ బాగుంది, లెక్క కుదరదు. 1578 నాటికి ఆ యువరాజుకు పన్నెండో పదమూడో ఏళ్ళు. గోల్కొండ కోట నదికి ఉత్తరాన ఉంది. అక్కడి నుంచి దక్షిణపు ఒడ్డుకు బండ్లు, సైన్యం, సరుకు ఏ కాలంలోనైనా దాటాలంటే వంతెన కావాలి. ఆ అవసరమే దాన్ని కట్టించిందనుకోవడం సబబు.

వంతెన దక్షిణపు కొసన పురానాపూల్ దర్వాజా ఉంది. మొగల్ సుబేదారు ముబారిజ్‌ఖాన్ మొదలుపెట్టగా మొదటి అసఫ్‌జా కాలంలో పూర్తయిన నగర ప్రాకారానికి 13 దర్వాజాలుండేవి. వాటిలో మిగిలినవి ఇదీ, దబీర్‌పురా దర్వాజా. వంతెన మీద ఇప్పుడు బండ్లు తిరగవు. పక్కన కొత్త వంతెన వచ్చాక దీన్ని కూరగాయల వాళ్ళు తీసుకున్నారు. రెండు పిట్టగోడల వెంబడీ టమాటా గుట్టలు, మధ్యలో మనుషులు నడిచే దారి. బేరాల సందడిలో పడి, తాము నది మీద నిలబడి ఉన్నామన్న సంగతే చాలామంది కొనుగోలుదార్లకు గుర్తుండదు.

తుగ్యానీ

1908 సెప్టెంబర్ 28న వచ్చిన వరదను పాతబస్తీ పెద్దలు ఇప్పటికీ తుగ్యానీ అనే అంటారు. ఎగువన ఎడతెగని వాన కురిసింది. మూసీ పరీవాహకంలో 788 చెరువులుంటే 221 తెగిపోయాయని తర్వాత విశ్వేశ్వరయ్య లెక్కగట్టారు. ఒక చెరువు తెగితే దాని నీళ్ళు కింది చెరువు కట్టను కొడతాయి, అది తెగి ఇంకో దాని మీద పడుతుంది. వాన ఒక్కటే అయితే అంత వినాశం జరిగేది కాదు. గొలుసుకట్టు చెరువులు వరసగా తెగడంతోనే నది ఒక్కసారిగా ఊరి మీద పడింది. ఒడ్డున ఉన్న ఘాన్సీబజార్, అవతలి ఒడ్డున కోల్సావాడి, అఫ్జల్‌గంజ్ దారుణంగా దెబ్బతిన్నాయి. చనిపోయినవారు 15 వేల వరకూ ఉంటారన్నది ఎక్కువగా వినిపించే అంచనా. అఫ్జల్‌గంజ్ పూల్, ముస్లింజంగ్ పూల్, చాదర్‌ఘాట్ పూల్ కొట్టుకుపోయాయి. అన్నిటికంటే పాతదైన పురానాపూల్ నిలబడింది.

ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు కొమ్మలెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇంకా ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ నది ఒడ్డుకు వచ్చి బ్రాహ్మణుల సలహా మీద మూసీకి చీర, పసుపు కుంకుమ సమర్పించాడన్న కథ పాతబస్తీలో హిందువులూ చెబుతారు, ముస్లింలూ చెబుతారు. లాల్‌దర్వాజా సింహవాహిని గుడిలో బోనాల సంప్రదాయాన్ని కూడా ఈ వరదతోనే ముడిపెడతారు.

1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి నదిని పరిశీలించి నివేదిక ఇచ్చారు. ఎగువన రెండు జలాశయాలు కట్టి వరదను అక్కడే పట్టి ఉంచాలనీ, ఊళ్ళో ఒడ్డులను ఎత్తు చేసి గోడలు కట్టాలనీ, వాటి వెంట బాటలు, తోటలు వేయాలనీ అందులో ఉంది. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ నది మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి బోర్డు ఊళ్ళోని పని చూసుకుంది.

ఒడ్డున మేడలు

నయాపూల్ మీద చార్మినార్ వైపు ముఖం పెట్టి నిలబడితే కుడివైపు ఎర్రరాయి, గులాబీ గ్రానైటుతో కట్టిన హైకోర్టు, దానికి అవతల సిటీ కాలేజీ కనిపిస్తాయి. హైకోర్టు 1920లో ప్రారంభమైంది. సిటీ కాలేజీ ఇంచుమించు అప్పటిదే. నది అవతల ఉస్మానియా ఆసుపత్రి. ఈ మూడిటి వెనకా వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ చేయి ఉంది. అవతలి ఒడ్డునే ఆసఫియా గ్రంథాలయం, అంటే నేటి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, 1936లో తన సొంత భవనంలోకి వచ్చింది. నీళ్ళలో నీడ పడుతుందని ఊహించుకునే ఈ గుమ్మటాలను ఒడ్డున వరసగా పేర్చారు. వానాకాలంలో జలాశయాల గేట్లు ఎత్తిన ఒకటి రెండు రోజులు ఆ ఊహ నిజమవుతుంది. మిగతా ఏడాదంతా కింద పారేది ఎక్కువగా నగరపు మురుగు.

నయాపూల్‌కు ఎడమవైపు సాలార్‌జంగ్ మ్యూజియం. 1951 డిసెంబర్ 16న దివాన్‌దేవిడిలో నెహ్రూ చేతుల మీదుగా మొదలై, 1968లో ఇప్పటి భవనానికి మారింది. ఇంకాస్త తూర్పున నదీగర్భంలోనే మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ ఉంది. 1994లో అక్కడ కట్టినప్పుడు మూసీ ఎండిపోయిన నది కిందే లెక్క. 2025 సెప్టెంబర్ చివర జంట జలాశయాల గేట్లు ఎత్తాక నీళ్ళు బస్‌స్టేషన్‌లోకి వచ్చి ప్రయాణికులు చిక్కుకుపోయారు. నది చోటు నదికి గుర్తుంటుందని ఇంజనీర్లకు ఎవరూ విడిగా చెప్పక్కర్లేదు, 1970, 2000 వరదలూ ఆ మాటే చెప్పాయి.

ఏనుగులు వచ్చే ఒడ్డు

నీళ్ళు ఎలా ఉన్నా పాతబస్తీ రెండు పెద్ద ఊరేగింపులు ముగిసేది ఈ ఒడ్డునే. మొహర్రం పదో రోజున దబీర్‌పురా నుంచి ఏనుగు మీద బయల్దేరే బీబీకా ఆలం చార్మినార్ మీదుగా సాగి చాదర్‌ఘాట్ దగ్గర ముగుస్తుంది. ఆషాఢ బోనాల చివర హరిబౌలి అక్కన్న మాదన్న మహంకాళి గుడి ఘటం, అదీ ఏనుగు మీదనే, నయాపూల్ దాకా వస్తుంది. వెంట మిగతా గుళ్ళ ఘటాలు, పోతరాజుల చిందులు, డప్పులు. నయాపూల్ దగ్గర మూసీలో ఘటాలను నిమజ్జనం చేస్తారు. చాంద్రమాన పంచాంగాల తేడా వల్ల కొన్నేళ్ళు ఈ రెండూ దగ్గర దగ్గరగా పడతాయి, అప్పుడు పోలీసులకు నిద్ర ఉండదు. మొహర్రం నల్లదుస్తులూ బోనాల పసుపూ కలిసి చూడాలనుకునేవారికి అంతకంటే మంచి సమయం లేదు.

మీరాలం చెరువు

పాతబస్తీ తీరాల్లో ప్రపంచం దృష్టిలో పడదగ్గది ఇదే, ఊళ్ళోవాళ్ళు అంతగా పట్టించుకోనిదీ ఇదే. కట్టించినది 1804 నుంచి 1808 దాకా హైదరాబాద్ దివానుగా ఉన్న మీర్ ఆలం. 1799లో టిపూ సుల్తాన్ మీద జరిగిన శ్రీరంగపట్నం యుద్ధానికి నిజాం సేనల వెంట వెళ్ళినవాడు. ఆ యుద్ధంలో తన వంతుకు వచ్చిన సొమ్మునే చెరువుకు పెట్టాడని చెబుతారు. సాలార్‌జంగ్‌ల వంశం ఈయన అల్లుడు మునీర్ ఉల్ ముల్క్ నుంచి వచ్చినదే.

1804లో పునాది పడి రెండేళ్ళలో పూర్తయిన ఈ కట్ట మామూలు చెరువు కట్టల్లాంటిది కాదు. తెలంగాణ చెరువు కట్ట అంటే మట్టి దిబ్బ, దాని లోపలివైపు రాతి తాపడం. నీటిని ఆపేది మట్టి బరువు. మీరాలం కట్టలో 21 అర్ధచంద్రాకారపు రాతి గోడలు పక్కపక్కన నిలబడి ఉంటాయి. ప్రతి గోడ ఉబ్బు నీటివైపు, లోతు బయటివైపు. రెండు గోడలు కలిసే చోట ఒక బలిష్ఠమైన రాతి దిమ్మె. నీరు ఉబ్బు మీద నెట్టినప్పుడు ఆ ఒత్తిడి వంపు వెంట రెండు పక్కలకూ జారి దిమ్మెల్లోకి, అక్కడి నుంచి నేలలోకి దిగుతుంది. రాయీ గచ్చూ నొక్కుడును ఎంతైనా ఓర్చుకుంటాయి, సాగదీస్తేనే పగులుతాయి. ఈ అమరికలో గోడకు నొక్కుడే తప్ప లాగుడు దాదాపు ఉండదు. అందుకే తక్కువ రాయితో, తక్కువ మందంతో కిలోమీటరుకు దగ్గరగా ఉన్న కట్ట నిలబడింది. కమానులన్నీ ఒకే వెడల్పు కావు, నేల తీరును బట్టి చిన్నవీ పెద్దవీ ఉన్నాయి.

ఆనకట్టల చరిత్ర రాసినవారు దీన్ని నిజమైన బహుకమాను ఆనకట్టల్లో తొలి వాటిగా లెక్కవేస్తారు. ఆస్ట్రేలియాలో బెలుబులా నది మీద ఇటుక కమానుల ఆనకట్ట వచ్చింది 1890ల చివర, అంటే దీని తర్వాత తొంభై ఏళ్ళకు. కాంక్రీటు వచ్చాక ఆ పద్ధతి చాలా దేశాలకు పాకింది. రెండు శతాబ్దాలు దాటినా మీరాలం రాతి గోడలు మాత్రం ఇంకా నీటిని మోస్తూనే ఉన్నాయి. ఉస్మాన్‌సాగర్ రాకముందు పాతబస్తీ తాగిన నీళ్ళు ఇవే.

1963 అక్టోబర్ 6న చెరువు పక్కనే నెహ్రూ జూ పార్కు తెరిచారు. జూకు వచ్చినవాళ్ళు పులినీ ఏనుగునూ చూసి, కాస్త దూరంలో ఉన్న ఈ కట్టను చూడకుండానే వెళ్ళిపోతుంటారు. చలికాలంలో వలస పక్షులు దిగుతాయి. మరోవైపు హసన్‌నగర్, కిషన్‌బాగ్ వైపు బస్తీల మురుగు చెరువులోకి చేరుతోంది. మురుగు ఉన్నచోట గుర్రపుడెక్క ఉంటుంది. తీసేస్తారు, నెలల్లో మళ్ళీ అల్లుకుంటుంది. ఏ కాలంలో వెళ్ళినా చెరువులో కొంత భాగం నీలంగా, కొంత పచ్చగా కనిపించడానికి కారణం అదే.

ఇప్పటి సంగతి

మూసీని బాగుచేస్తామన్న మాట 1990ల నుంచి వినిపిస్తోంది. నందనవనం పథకం ఆ రోజుల్లోదే. 2017లో మూసీ నదీతీర అభివృద్ధి సంస్థ ఏర్పడింది. ఉస్మాన్‌సాగర్ దిగువ నుంచి అవుటర్ రింగ్ రోడ్డు దాకా 55 కిలోమీటర్ల నదిని మార్చాలన్నది దాని లెక్క. 2024 సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో చాదర్‌ఘాట్ దగ్గరి మూసానగర్, శంకర్‌నగర్ ఇళ్ళ గోడల మీద అధికారులు ఎర్రరంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాశారు, నదీగర్భంలో ఉన్నవని గుర్తు. కొందరు డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ళకు వెళ్ళిపోయారు, వాళ్ళు ఖాళీ చేసిన ఇళ్ళను కూల్చారు. పని దగ్గర, పిల్లల బడి దగ్గర అని మరికొందరు కదలలేదు. నది వైపు నుంచి చూస్తే ఆ ఇళ్ళు అక్కడ ఉండకూడదు, నిజమే. కానీ అదే నదీగర్భంలో ప్రభుత్వమే బస్‌స్టేషన్ కట్టింది, ఆ గోడల మీద మాత్రం ఎర్రరంగు పడలేదు.

చూడదలచినవారికి

వానలు నిలిచిన అక్టోబర్, నవంబర్ నెలలు అనువైనవి. పొద్దున్నే పురానాపూల్ బజారుతో మొదలుపెట్టి, ఒడ్డు వెంబడి సిటీ కాలేజీ, హైకోర్టు దాటి నయాపూల్ చేరితే మదీనా సెంటర్‌లో చాయ్, ఉస్మానియా బిస్కట్ దొరుకుతాయి. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు, జూకు సోమవారం. మీరాలం కమానుల లోతు తెలియాలంటే చెరువు వైపు నుంచి కాక కట్ట దిగువ నుంచి చూడాలి.