గళ్ళు లేని ఎక్స్‌రే

ఓర్వకల్లు నుంచి అవ్వ మణికట్టు ఎక్స్‌రేని ఫోన్లో ఫోటో తీసి కర్నూలు డాక్టరుకి పంపాం. "అంతా గళ్ళుగళ్ళుగా ఉంది, చీలిక ఉందో లేదో ఎట్ల చెప్పేది? ఫిల్మే తీసుకొని రాండి" అన్నాడు.

ఆ గళ్ళ చరిత్రలో మన పేరొకటుంది. 1974లో నసీర్ అహ్మద్, నటరాజన్‌లతో కలిసి కామిశెట్టి రామమోహనరావు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్ ప్రచురించారు. 1992 నాటి జేపెగ్‌కి పునాది అదే. బొమ్మని ఎనిమిదికి ఎనిమిది చుక్కల గళ్ళుగా కోసి, ఒక్కో గడినీ విడిగా కుదిస్తుంది. మరీ కుదిస్తే గళ్ళ అంచులు తేలతాయి. పెళ్ళి ఫోటోకైతే ఫర్వాలేదు. వెంట్రుకంత చీలిక వాటిలోనే మాయమైపోతుంది.

వేవ్‌లెట్లు పుట్టింది ఆసుపత్రిలో కాదు, చమురు వేటలో. 1980ల మొదట్లో ఫ్రెంచి భూభౌతిక శాస్త్రవేత్త ఝాన్ మోర్లే రాతిపొరల నుంచి తిరిగొచ్చే ప్రకంపనల్ని చిన్నచిన్న అలలతో చదివాడు. మేయర్, మల్లా, ఇంగ్రిడ్ దొబెషీ దానికి గట్టి గణితం కట్టారు. జేపెగ్ 2000 ఆ అలలనే వాడుతుంది. గళ్ళు కోయనక్కర్లేదు, కావాలంటే ఒక్క చుక్కా పోకుండా దాస్తుంది. (మహిమేం కాదు, మరీ పిండితే అదీ మసకబారుతుంది.) వైద్యచిత్రాల డైకామ్ ప్రమాణంలో దానికి చోటు దొరికింది. మన ఫోన్లలో మాత్రం ఎక్కువగా ఆ పాత జేపెగే.

ఫిల్ము కవర్లో పెట్టుకుని కర్నూలు బస్సెక్కాం. చీలిక ఉంది.