సోమన్న మనవాడే, ఆయన భాషలన్నీ మనవే

పాల్కురికి సోమనాథుడు ఎక్కడివాడన్న తగవు ఇంకా తెగలేదు. ఆయనది తుమకూరు వైపు హాల్కురికె అని కొందరు కన్నడ పండితులు ఏనాడో రాశారు. సోమన్న కన్నడంలో రగడలు చెప్పాడు, కన్నడ దేశంలోని కల్యలోనే లింగైక్యమయ్యాడు అన్నవే వాళ్ల దన్ను. మనవైపు కొందరు జాను తెనుగునే పట్టుకుని, ఆయన కన్నడాన్ని పక్కకు నెట్టారు.

పాలకుర్తి గుట్టకింద పెరిగిన నాకు రెండు వాదాలూ సమ్మతం కావు. మనిషికి ఒకటే భాష అన్న లెక్కమీదే రెండూ నిలబడ్డాయి. వృషాధిప శతకం తెరవండి: తెలుగు పద్యాల నడుమ సంస్కృతం, తమిళం, కన్నడం, మరాఠీ పలుకుతాయి. 13వ శతాబ్దపు శైవం ఊరూరా తిరిగిన మతం. శ్రీశైలం దారిలో అన్ని దేశాల భక్తులూ కలిసేవాళ్లు. ఆ భక్తుల నడుమ మెలిగినవాడికి కన్నడం రావడానికి కన్నడ దేశంలోనే పుట్టాలా? ఇంటిపేరులో మా ఊరుంది, ఒంటిపేరులో మా గుట్టమీది సోమేశ్వరుడున్నాడు. నాకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

నమ్మకం కుదరకపోతే జనగామ బస్టాండులో కాసేపు నిలబడండి. లంబాడీ తండా నుంచి వచ్చిన తల్లి బిడ్డతో తమ భాష గోర్‌బోలిలో మాట్లాడుతూనే తెలుగులో బేరమాడుతుంది. అమ్మను ‘యాడి’ అని పిలిచే ఆ పిల్ల తెలుగు పద్యం చదివితే పరాయిదవుతుందా? తెలంగాణ సాయుధ పోరాటంలో దేవరుప్పుల పక్క ధర్మాపురం లంబాడీలు విసునూరు దేశ్‌ముఖ్ మీద తిరగబడ్డారు. జాటోతు ఠాణు నాయక్ ఆ పోరులోనే ప్రాణమిచ్చాడు. ఆ త్యాగాన్ని మనదని చెప్పుకుంటాం, ఆ ఇంటి మాటను మాత్రం మనదనం.

నా బాధంతా ఇదే. మానుకోట (మహబూబాబాద్) జిల్లాలో మూడో వంతుకు పైగా గిరిజనులే. అయినా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లో గోర్‌బోలి లేదు, కోయ లేదు. గంగారం, కొత్తగూడ గూడేల్లో కోయ భాష తాతల నోటనే మిగిలిపోతోంది. భూపాలపల్లి అడవి పల్లెల్లోనూ అదే తీరు. పిల్లవాడు బడిలో అడుగుపెట్టిన రోజే ఇంటి మాటను గడప అవతల వదిలి రావాల్సి వస్తోంది.

సోమన్న మనవాడని గట్టిగా అందాం. అని ఊరుకోకుండా, గుట్టకింద ఆయన పేర సభ పెట్టిననాడు ద్విపద పక్కనే తండా పాట, కోయ పాట వినిపిద్దాం. అయిదు భాషల్లో బసవన్నను పిలిచినవాడికి అంతకు తక్కువ గౌరవం సరిపోదు.