పెన్న ఇసుక కింద నీళ్లు

పెన్న ఏడాదిలో చాలా నెలలు ఇసుక మేటగానే కనిపిస్తుంది. అనంతపురం, కడప రైతులు మాత్రం దాన్ని ఎండిన ఏరుగా ఏనాడూ లెక్కగట్టలేదు. పైన పారుదల ఆగినా ఇసుకలో నీరు ఉంటుంది. పెన్న, చిత్రావతి, పాపాఘ్ని ఇసుకలో వాలు చూసి కాలువ తవ్వితే ఆ ఊట పొలం దాకా నడిచొచ్చేది. వాటినే ఊటకాలువలు అన్నారు. వరద వస్తే పూడిపోయేవి; ఆయకట్టు రైతులంతా దిగి మళ్లీ తవ్వుకునేవారు. ఒక్కడి వల్ల అయ్యే పని కాదది.

చెరువుల సంగతికొస్తే, కడప జిల్లా పోరుమామిళ్ల శాసనాన్ని మించిన సాక్ష్యం లేదు. అక్కడి చెరువును విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించాడు. శాసనం 1369 నాటిది. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేశాయట. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను అందులో చెక్కించారు. జలశాస్త్రం ఎరిగినవాడు కావాలి, నేల గట్టిగా ఉండాలి, మంచి రాయి దగ్గర్లో దొరకాలి. కట్ట కారడం, చవుడు నేల, రెండు రాజ్యాల పొలిమేరన ఉండటం దోషాలు. నీరు తక్కువై పొలం ఎక్కువ కావడమూ దోషమే, నీరు ఎక్కువై పొలం తక్కువ కావడమూ దోషమే. వచ్చే నీటికి తగ్గ సాగు అన్న సూత్రాన్ని ఆరున్నర శతాబ్దాల కిందటే రాతి మీద రాసుకున్న సీమ ఇది.

చెరువు కట్టినవారికి, మరమ్మతు చూసేవారికి దశబంధం ఇనాములు, అంటే పన్ను తగ్గించి ఇచ్చిన మాన్యాలు, ఉండేవి.

చెరువులో నిలిచిన నీరు భూమిలోకి ఇంకి దిగువ బావులకు ఊటయ్యేది. ఆ బావుల్లో ఎద్దులతో తోలు బొక్కెన లాగించే కపిల తోలేవారు. ఎద్దులు అలిసిపోతే నీరు తోడటమూ ఆగేది. ఆయిల్ ఇంజన్లు, కరెంటు మోటార్లు ఆ హద్దును చెరిపేశాయి. ఇక్కడ నేల అడుగున ఉన్నది గట్టి రాయి. పైనున్న మెత్తబడిన పొరలోనే నీరు నిలుస్తుంది, ఆ కింద పగుళ్లలో చిక్కినంతే. అనంతపురం సగటు వాన ఏటా సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ కాస్త వాన నింపేదాన్ని మోటార్లు వేగంగా తోడేశాయి. బావులు అడుగంటాయి, బోర్లు వందల అడుగులు దిగాయి. అప్పుచేసి వేసిన బోరు పడకపోతే కుటుంబమే కూలిపోయేది. 2004లో వచ్చిన ఉచిత విద్యుత్తు రైతు ఖర్చును తగ్గించింది గానీ, నీళ్లు తోడటానికి పగ్గం వేయలేదు.

2000లో నీటి సంరక్షణకు నీరు-మీరు కార్యక్రమం మొదలైంది, 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు వాల్టా చట్టం వచ్చింది. చెక్‌డ్యాములు, ఊటకుంటలు కట్టారు. వాటి పక్క బావుల్లో నీరు పెరిగిన మాట నిజమే. అయితే నీరు పెరిగిన చోటే కొత్త బోర్లూ దిగుతాయి. ఆ దశకంలోనే ఏడు కరువు జిల్లాల్లో రైతులు తామే వాననూ బావుల మట్టాన్నీ కొలిచి, ఊరంతా కూర్చుని రబీ పంటలు ఎంచుకున్న ప్రయత్నం ఒకటి జరిగింది. నా దృష్టిలో ఇటీవలి ప్రయత్నాలన్నిటిలో పోరుమామిళ్ల సూత్రానికి దగ్గరగా వచ్చింది అదొక్కటే.

ఇప్పుడు ఏటి ఇసుకే తవ్వకాల్లో తరలిపోతోంది. ఇసుక పోయిన ఏటిలో ఊట నిలవదు. చెక్‌డ్యాములకు డబ్బు కేటాయించే ప్రభుత్వాలు ముందు ఏటి ఇసుకను కాపాడాలి. కొత్త బోరుకు అనుమతిచ్చే ముందు ఆ ఊరి నీటి లెక్కను గ్రామసభ ముందు పెట్టాలి.