వంశవృక్షాన్ని కాపాడిన నలుగురు

మన ఊరి మరమగ్గాల గురించి, 1960 నాటి సరిహద్దు మార్పు గురించి పెద్దవాళ్ళు చెప్పగా చాలాసార్లు విన్నాం. ఈసారి చెప్పేది అంత పాత సంగతి కాదు. అయినా ఇదీ మన ఇంటి చరిత్రే. ఇప్పుడు మీ అందరి ఫోన్లలో ఉన్న ఏడు తరాల వంశవృక్షం 2012 దాకా ఒకే ఒక్క డిస్కులో ఉండేది. ఆ ఏడాది ఒక సాయంత్రం అది తెరుచుకోలేదు. మళ్ళీ మన చేతికి ఎట్లా వచ్చిందో పిల్లలకు తెలియాలని రాస్తున్నా.

ముందు నాయన కంప్యూటర్ జోలికి ఎందుకు పోయారో చెప్పాలి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం ఆంధ్రప్రదేశ్ నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. ఇంట్లో మాట తెలుగే, ఆఫీసు కాగితం మాత్రం తమిళం. నాయన తెలుగు బడిలో చదివారు. మా తరం కూడబలుక్కుని చదువుతుంది. మా పిల్లలకు మాట వచ్చు, అక్షరం రాదు. తాత రాసిన ఉత్తరాలు, మొగ్గం లెక్కల పుస్తకాలు తడుముకోకుండా చదివేవాళ్ళలో ఇంట్లో తానే ఆఖరని నాయనకు తెలుసు. అందుకే అన్నీ స్కాన్ చేయించి, పేర్లన్నీ తెలుగులో టైపు చేయాలని పట్టుబట్టారు.

ఆ టైపు చేసే వీలు కూడా ఇష్టంతో పనిచేసిన కొందరి పుణ్యమే. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువాళ్ళు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్.టి.ఎస్. పద్ధతి తెచ్చారు. తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లు తయారుచేసి ఉచితంగా ఇచ్చారు. 2006లో లేఖిని వచ్చింది. ఆ ఊతంతోనే నాయన డెబ్బై ఏళ్ళ వయసులో ఒక్కో వేలితో కొట్టడం మొదలుపెట్టారు. లేఖినికి నెట్ కావాలి. అక్కడే చిక్కు.

1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. మన దేశంలో ఇంటర్నెట్‌ను మామూలు జనానికి తెరిచినప్పుడు, మొదట అందుకున్న ఊళ్ళలో మద్రాసు ఒకటి. బి.ఎస్.ఎన్.ఎల్. బ్రాడ్‌బ్యాండ్ 2005లో మొదలైంది. మన ఆర్.కె.పేట ఇంటికి 2007లో చేరింది. వచ్చిన నెల నుంచే సాయంత్రమైతే నెట్ తెగేది. మోడెం మార్చాం, ఫలితం లేదు.

అప్పుడు పట్టించుకున్నది పక్కవీధి మొగ్గం మేస్త్రి. వరసకు ఏమీ కాడు, ఊరంతా పిలిచినట్టే మేమూ మామా అనేవాళ్ళం. ఆయనకు కంప్యూటర్ రాదు. "మొగ్గం ఆగితే ముందు మోటారు విప్పుతామా? దారం యాడ తెగిందో చూస్తాం. ఎప్పుడెప్పుడు పోతాదో రాసి పెట్టండి," అన్నాడు. నాలుగు రోజులు రాస్తే తేలింది: ఫోను మోగిన ప్రతిసారీ నెట్ పోతోంది. ఒకే తీగమీద మాట కింది పౌనఃపున్యాల్లో, నెట్ పై పౌనఃపున్యాల్లో నడుస్తాయి. రెంటినీ విడదీసే చిన్న డబ్బానే స్ప్లిట్టర్. అవ్వ గదిలోకి లాగిన ఎక్స్‌టెన్షన్ తీగ స్ప్లిట్టర్‌కు ముందే చీలిపోయింది. పెద్ద కొడుకు ఫోను తన మంచం దగ్గరే మోగాలని అవ్వ పట్టు. అందుకని ఆమె ఫోనును కదిలించకుండా దానికీ ఒక ఫిల్టరు పెట్టాం. అంతటితో తెగడం ఆగింది.

తర్వాత మేడమీదికి ఒక కేబుల్ లాగాం. రెండు చివర్లా జతలు జతలుగా, చూడ్డానికి ముచ్చటగా క్లిప్పులో కూర్చోబెట్టాను. పొట్టి ముక్కతో చూస్తే పనిచేసింది, నలభై మీటర్ల తీగతో నత్తనడక. పాలిటెక్నిక్ చదివిన మా మేనత్త కొడుకు చూసి నవ్వాడు. కంప్యూటర్ మాట్లాడేది 1, 2 పిన్నుల మీద, 3, 6 పిన్నుల మీద. కాబట్టి 3, 6లలో పెట్టే తీగలు ఒకే జతలోవి కావాలి. ఒకదానితో ఒకటి మెలిపడిన జత బయటి గోలను తట్టుకుంటుంది, జత విడిపోతే ఆ బలం పోతుంది. తెల్లనారింజ, నారింజ, తెల్లపచ్చ, నీలం, తెల్లనీలం, పచ్చ, తెల్లగోధుమ, గోధుమ: ఇదీ వరస. మామ ఒక్కసారి విని పట్టేశాడు. అచ్చులో పడుగు దారం వరస తప్పితే బట్ట ఏమవుతుందో ఆయనకు ఒకరు చెప్పాలా?

ఇక 2012. కరెంటు కోతలు గుర్తున్నాయి కదా, గంట ఉంటే గంట ఉండదు. ఒకరోజు కరెంటు వచ్చాక కంప్యూటర్ బీప్ బీప్‌మని ఆగిపోయింది. ర్యామ్ ముక్క తీసి, దాని పసుపు పళ్ళను పెన్సిల్ రబ్బరుతో తుడిచి పెడితే తెర వెలిగింది. కానీ డిస్కు లేదంది. నాయన మాట్లాడలేదు, లేచి వెళ్ళి అరుగు మీద కూర్చున్నారు. మద్రాసులో ఒక షాపువాళ్ళు ఫోనులోనే డిస్కు పోయిందని తేల్చేశారు.

మా అక్క కొడుకు అప్పట్లో మద్రాసు ఐ.ఐ.టి.లో లినక్స్ వాడేవాళ్ళు నెలనెలా కలిసే చోటికి పోయేవాడు. అక్కడి నుంచి తెచ్చుకున్న సీడీతో, డిస్కు లేకుండానే కంప్యూటర్‌ను నడిపి చూపించాడు. అంటే మిగతాదంతా బాగానే ఉంది. కేబుల్ మార్చాం, కాలేదు. అప్పుడు టీవీలు బాగుచేసే ఆయన వచ్చారు. ఆయనకు తమిళమే, నాయనతో మాత్రం వచ్చీరాని తెలుగులో మాట్లాడేవారు. మీటరు పెట్టి చూశారు. పన్నెండు వోల్టులు ఉండాల్సిన తీగలో, డిస్కు తిరగబోయే సమయానికి పదిన్నరకు పడిపోతోంది. డిస్కు మోటారు నడిచేది ఆ పన్నెండు మీదే. "డిస్క్ చావలా సార్, దానికి అన్నం లేదు, అంతే," అన్నారు. చెడిపోయింది ఎస్.ఎం.పి.ఎస్.

డిస్కును ఆయన కంప్యూటర్‌కు తగిలిస్తే కనిపించింది. సంతోషంతో కొత్త ఎస్.ఎం.పి.ఎస్. కొనడానికి లేచాను. మేనత్త కొడుకు చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు: "ముందు కాపీ, తర్వాత రిపేరు." మా మేనకోడలికి ప్రభుత్వం ఇచ్చిన ల్యాప్‌టాప్ తెచ్చాం. ఆ పథకం 2011 సెప్టెంబర్‌లో మన తిరువళ్ళూరు జిల్లాలోనే మొదలైంది. నేను ముందు తప్పుగా కట్టి, తర్వాత సరిచేసిన ఆ కేబులే రెంటికీ మధ్య వేశాం. మొత్తం ముప్పై జీబీ, యాభై నిమిషాల పని. కరెంటు పోవడానికి గంట కూడా లేదు. మొదట వంశవృక్షం, తర్వాత ఉత్తరాలు, ఆఖరున పెళ్ళి ఫోటోలు. ఫోటోలు కొన్ని మిగిలి ఉండగానే దీపాలు ఆరిపోయాయి. అవి మర్నాడు తీసుకున్నాం. కానీ ఆ చీకట్లో, ల్యాప్‌టాప్ వెలుగులో, నాయన వంశవృక్షం తెరిచి మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా పైకి చదివారు. మేము నలుగురం, మామ, టీవీ ఆయన అలాగే కూర్చుని విన్నాం.

ఇప్పుడు ఫైబర్ వచ్చింది, చెడిపోతే ఫోను కొడితే మనిషి వస్తాడు. మంచిదే. మామ పోయి ఐదేళ్ళయింది. మామకూ టీవీ ఆయనకూ మనతో రక్తసంబంధం లేదు. మిగతా ఇద్దరూ ఆడపడుచుల బిడ్డలు, కొడుకుల వరసలో గీసిన మన చెట్టులో వాళ్ళకూ చోటు లేదు. అందుకని నాయన వంశవృక్షం ఆఖరి పేజీలో నలుగురి పేర్లూ తానే టైపు చేశారు. మీలో చాలామంది ఆ పేజీ చూసి, వీళ్ళెవరు, ఏ శాఖ అని అడిగారు. జవాబు ఇదే.

ఒక మనవి. మీ ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కటీ రెండు చోట్ల దాచండి, ఒకటి వేరే ఊళ్ళో ఉంటే మేలు. ఆ ఆఖరి పేజీని మాత్రం ఎవరూ తీసెయ్యొద్దు.