మన పిల్లలు టీచరు ట్రైనింగే ఎందుకు చదివారు?

ఇంటర్ పాసయిన గూడెం పిల్లను ఏం చదువుతావని అడిగితే మొన్నమొన్నటిదాకా చాలా ఇళ్లలో వినిపించిన జవాబు ఒకటే: టీటీసీ. ఆదివాసీలకు ఇంకో ఊహ రాదని బయటివాళ్లు అనడం విన్నాం. ఆ మాట మేము ఒప్పుకోం. ఎవరైనా తమకు కనబడే దారుల్లోంచే ఒకటి ఎంచుకుంటారు. మనకు ఆ దారులు ఎప్పుడు తెరిచారో, ఎప్పుడు మూశారో చూడాలి.

మా ఆదిలాబాద్ గోండు గూడేల్లో పని ఎంచుకోవడమనే మాటే ఒకప్పుడు లేదు. ఊరి పెద్దరికం పట్లది, పూజ కటోడది, మన వంశాల కథలు చెప్పేది పర్ధాన్లు. అందరికీ సేద్యం ఉండేది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాక, నిజాం ప్రభుత్వ పని మీద వచ్చిన హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో కాపురమున్నాడు. ఆయన భూముల కోసం చేసింది అందరూ చెబుతారు. మాకు మాత్రం 1943లో ఆ ఊళ్లో మొదలైన ఉపాధ్యాయ శిక్షణే పెద్ద సంగతి. బడే లేనిచోట టీచర్లెక్కడ దొరుకుతారు? కాస్త అక్షరం ముక్క వచ్చిన గోండు కుర్రాళ్లను పోగుచేసి, వాళ్లకే నేర్పి, తిరిగి గూడేలకు పంపారు. వాచకాలు గోండి భాషలో, దేవనాగరి లిపిలో తయారయ్యాయి. ఎడ్లు కాసే కొడుకును మార్లవాయికి పంపడమంటే ఇంట్లో ఒక పనిచెయ్యి తగ్గడం. అది కుర్రాడి ఒక్కడి ఇష్టంతో జరిగేది కాదు, ఇల్లంతా కూర్చుని తేల్చుకోవలసిన సంగతి. పట్వారీ రాసిందేమిటో, షావుకారు లెక్క ఏమిటో చదవగల మనిషి ఒక్కడైనా కావాలన్న అవసరం అంత ఉండేది మరి.

తర్వాత 1986లో జీవో 275, 2000 జనవరి 10న జీవో 3 వచ్చాయి. షెడ్యూల్డు ప్రాంతపు బళ్లలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే, అందులో మూడోవంతు ఆడవాళ్లకు. మైదానం నుంచి వచ్చిన టీచర్లు బడికి సరిగా రాకపోవడం దీనికి ఒక కారణం. ఊరు దగ్గరే జీతమున్న ఉద్యోగమంటే, ఆడపిల్లను పై చదువుకు పంపనన్న తండ్రి కూడా ఆలోచనలో పడ్డాడు. టీటీసీ మీద మోజు ఇట్లా పుట్టింది.

2020 ఏప్రిల్ 22న, లాక్‌డౌన్‌తో బళ్లు మూతపడి ఉన్న రోజుల్లో, సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం జీవో 3ను కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగానికి సరిపడదంది. అప్పటికే చేరినవారి ఉద్యోగాలను షరతుతో ఉండనిచ్చింది. ఇంకా చేరనివారి చేతిలో డిప్లొమా కాగితం మాత్రం మిగిలింది.

వాళ్లు ఇప్పుడు నర్సింగుకు పోవాలా, పోలీసు పరీక్ష రాయాలా అని మమ్మల్ని అడుగుతున్నారు. పొమ్మనే అంటున్నాం. కానీ 'ఏర్' అంటే నీళ్లని తెలియని టీచరు ముందు కూర్చునే ఒకటో తరగతి గోండు పిల్ల సంగతి కోర్టు కాగితాల్లో తేలలేదు. తోటి టీచర్లకు ఒక మాట: ఇంటర్ పిల్లలకు కోర్సుల పేర్లతోపాటు ఈ రెండు జీవోలు, ఆ తీర్పు కూడా చదివి వినిపించండి. ఏ ఉద్యోగం ఏ ఉత్తర్వు మీద నిలబడి ఉందో చూసుకుని ఫారం నింపుతారు.